ఉత్తర ఆర్కాటు అంటే ఏ ఊరు?

  ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరనో ఆ మాస్టారి పాండిత్యం గురించి చెప్పవలసిందంతా నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నాకు ఎక్కువగా గుర్తున్నది ఆయన మధ్యాహ్నపు క్యారియర్. మద్రాసు ఎగ్మూరులోని రికార్డుల ఆఫీసు బయట కూర్చుని పెరుగన్నంలో సగం నాకు పెట్టేవారు. తింటున్నంతసేపూ రికార్డుల మాట ఎత్తనిచ్చేవారు కాదు. చేతులు కడుక్కున్నాక మాత్రం సాయంత్రం దాకా వదిలేవారు కాదు. ఆ అన్నం తిన్నవాణ్ణి కనుక ఆయనతో తగవుపడే హక్కు కూడా నాకుందనుకుంటాను. నా మొదటి వ్యాసం అంచున ఆయన ఎర్ర పెన్సిలుతో రెండు మాటలు రాశారు: ‘ఆర్కాటా? ఆధారమేది?’ ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. ఇవాళ నేను చెప్పేది ఆ ప్రశ్నకు జవాబు.

ఆ జవాబు వలస వెళ్ళిన తెలుగువాళ్ళ కాగితాల్లో ఉంది. ఆ వలస చరిత్ర ఈ సభకు కొత్త కాదు. కోరంగి రేవు పేరుతోనే మారిషస్‌లో మనవాళ్ళను కొరింగీలన్నారు. బర్మా వెళ్ళినవాళ్ళను రంగూన్ పేరుతో మన పల్లెల్లో ‘రంగం పోయాడు’ అన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వాళ్ళలో మూడింట రెండు వంతుల వరకు మన మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. ఇదంతా పుస్తకాల్లో ఉంది, వదిలేస్తాను.

ఆ ఓడలెక్కిన ప్రతి మనిషికీ ఒక వలస పాసు, దాని మీద ఒక నంబరు, ఆ నంబరు కింద కొన్ని గడులు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీద మచ్చలు. ఆ గడుల్లో ఏం లేదో కూడా చూడాలి. ఇంటిపేరుకు గడి లేదు. ఊళ్ళో మనిషిని పోల్చుకునే మొదటి గుర్తు ఇంటిపేరు. గుమాస్తా దాన్ని అడగనే లేదు, అందుకే అది సముద్రం దాటలేదు. మన పల్లెల్లో వంశాలు నోటికి చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళ దగ్గరికి, భట్రాజుల దగ్గరికి, మాదిగలకు డక్కలివాళ్ళ దగ్గరికి డర్బన్ నుంచి వచ్చిన మనవడు వెళ్ళినా చేతిలో ఇంటిపేరు లేకపోతే వాళ్ళేం చెప్పగలరు?

రెండో లోటు ఇంకా పెద్దది. భాషకు గడి లేదు. నా తగవంతా ఇక్కడే ఉంది. నేటాల్ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు ఇంతమంది, తమిళులు ఇంతమంది అని ఎవరైనా అంటే ఆ లెక్క పాసులో ఉన్నది కాదు, జిల్లా పేరు చూసి ఊహించినది. విశాఖపట్నం, గంజాం అని ఉంటే తెలుగువాడన్నారు. తంజావూరు అంటే తమిళుడన్నారు. ఉత్తర ఆర్కాటు అని ఉంటే మరో మాట లేకుండా తమిళుడే అన్నారు. సురేంద్ర భానా నేటాల్ ఓడల జాబితాలను లెక్కగట్టి 1991లో వెలువరించిన పుస్తకాన్ని నేను గౌరవిస్తాను. ఆయన జిల్లాలను జిల్లాలుగానే లెక్కపెట్టారు. ఆ పట్టికల మీద భాష రంగు పులిమింది తర్వాతివాళ్ళు. ఫిజీ విషయంలోనూ ఇంతే. అక్కడికి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అక్కడి వలస గురించి కె.ఎల్. గిలియన్ 1962లో రాసినప్పుడు మద్రాసు వైపు ముఖ్య జిల్లాల్లో కృష్ణా, గోదావరి, విశాఖపట్నంతో పాటు ఉత్తర ఆర్కాటునూ చెప్పారు. ఆ ఆర్కాటువాళ్ళందరినీ కూడా చదివేవాళ్ళు తమిళ ఖాతాలోనే వేసుకున్నారు.

ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు అంటే ఏమిటి? ఈనాటి వేలూరు, తిరువణ్ణామలై మాత్రమే కాదు. ఆ జిల్లా కలెక్టరు కచేరి చిత్తూరులో ఉండేది. చంద్రగిరి తాలూకా, పలమనేరు తాలూకా, కాళహస్తి, పుంగనూరు, కార్వేటినగరం జమీందారీలు, కుప్పం వైపు కంగుంది జమీందారీ, ఇవన్నీ ఉత్తర ఆర్కాటులోవే. చంద్రగిరి తాలూకా అంటే తిరుపతి కూడా అందులోదే. ఆర్థర్ కాక్స్ రాసిన జిల్లా మాన్యువల్, దాన్ని హెచ్.ఎ. స్టూవర్ట్ సవరించిన ప్రతి ఈ నగరంలోనే దొరుకుతాయి, తెరిచి చూడండి. ఈ తాలూకాలను విడదీసి, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి, చిత్తూరు జిల్లాను ఏర్పరిచింది 1911 ఏప్రిల్‌లో. నేటాల్‌కు కూలీలను పంపడం ఆగిపోయింది అదే ఏడాది జూలైలో. అంటే యాభై ఏళ్ళపాటు నేటాల్ ఓడ ఎక్కిన చిత్తూరువాళ్ళు, తిరుపతివాళ్ళు, కాళహస్తివాళ్ళు దాదాపు అందరూ కాగితం మీద ఆర్కాటువాళ్ళే. ఫిజీకి మాత్రం 1916 దాకా మనుషులు వెళ్ళారు. ఒకే ఇంట్లో అన్న 1910లో ఓడ ఎక్కితే ఆర్కాటువాడు, తమ్ముడు 1912లో ఎక్కితే చిత్తూరువాడు. ఈనాటి లెక్క ప్రకారం అన్న తమిళుడు, తమ్ముడు తెలుగువాడు అవుతారు. ఇద్దరినీ కన్నది ఒక్క తల్లే కదా.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. మెక్సికో మూలాలున్న అమెరికన్ కుటుంబాలు పూర్వీకులను చర్చిల బాప్తిస్మపు రిజిస్టర్లలో వెతుక్కుంటాయి. 1859 చట్టంతో మొదలైన ప్రభుత్వ జనన మరణ నమోదుల్లోనూ వెతుక్కుంటాయి. వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. అక్కడ పేరు వెంట తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ నడుస్తాయి. అయినా ఊరు తెలియకపోతే ఏ చర్చి తలుపు తట్టాలో తెలియదు. న్యూ మెక్సికోలో ఉన్న కుటుంబానికి ఊరు కదలకుండానే 1848లో దేశం మారింది. రికార్డులో ఉన్న పేరు రాసిన నాటి పటానికి చెందింది. దాన్ని మన పటం మీద పెట్టి చదివితే మనిషి తప్పిపోతాడు.

నా వాదం మీద వచ్చిన అభ్యంతరాలు ఒక్కొక్కటీ తీసుకుంటాను. కూలీలు తమను కూర్చిన మేస్త్రీ నేర్పిన అబద్ధపు ఊరి పేరు చెప్పారు, కాబట్టి తాలూకా నమ్మలేమన్నారు. కొందరు చెప్పే ఉంటారు. కాని నోటికొచ్చిన ఊరు చెప్పే మనిషికి ఆ ఊరు ఏ తాలూకాలో ఉందో కూడా సరిగ్గా తెలిసే అవకాశం తక్కువ. ఆ రెండూ పాత రిజిస్టర్లతో పొసిగిన చోట నేను నమ్ముతాను, పొసగని చోట పక్కన పెడతాను. ఆర్కాటు నుంచి వెళ్ళిన వంశాల వాళ్ళు ఇవాళ గుడిలో తమిళమే పాడుతున్నారు కదా అన్నారు. తోటల్లో ఎక్కువమంది మాట్లాడేదే పిల్లలకు వస్తుంది. ఫిజీలో మనవాళ్ళందరినీ కలిపి ‘మద్రాసీ’ అన్నారు. తెలుగువాళ్ళకు అక్కడ సొంత సంఘం ఏర్పడింది 1941లో. మూడు తరాల తర్వాతి పాటను బట్టి మొదటి తరం మాటను నిర్ణయించలేం.

నాయుడు, రెడ్డి అన్న పేర్లుంటే చాలు, తాలూకా ఎందుకని అడిగినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు నా పక్షాన నిలిచే మిత్రులే. అయినా ఒప్పుకోను. తంబి నాయుడిని గాంధీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో మారిషస్‌లో పుట్టిన తమిళుడిగానే పరిచయం చేశారు. పేరు ఒక్కటే ఏ వైపూ తేల్చదు. కులం గడి కూడా అంతే. ‘గొల్ల’ అని ఉన్నా ‘ఇడైయన్’ అని ఉన్నా అది రాసిన గుమాస్తా భాష కావచ్చు, చెప్పిన మనిషి భాషే కానక్కరలేదు. వేలూరు, గుడియాత్తం తాలూకాల్లో తరతరాలుగా తెలుగిళ్ళున్నాయి. చిత్తూరు వైపు తమిళ ఇళ్ళున్నాయి. అందుకని ఆర్కాటువాళ్ళందరూ తెలుగువాళ్ళేనని నేను ఎప్పుడూ అనలేదు. జిల్లా చూసి ఆగిపోకండి, తాలూకా చూడండి, ఊరు చూడండి అంటున్నాను. మాస్టారు అడిగిన ఆధారం పాసులోనే, జిల్లాకు పక్క గడిలోనే ఉంది.

కొన్నేళ్ళ క్రితం డర్బన్ నుంచి ఒక పెద్దావిడ ముత్తాత పాసు నకలు పట్టుకుని ఈ ఊరు వచ్చింది. జిల్లా ఆర్కాటు అని ఉన్నందున ఎవరో చెప్పిన మాట నమ్మి వారం రోజులు ఆరణి చుట్టుపక్కల తిరిగింది. నకలు నా చేతికిస్తే తాలూకా గడిలో చంద్రగిరి అని ఉంది. ‘మా నాయనమ్మ అన్నానికి బువ్వ అనేది, అదేం భాష బాబూ?’ అని ఇంగ్లీషులో అడిగింది. ‘బువ్వ’ ఒక్కటే తెలుగులో పలికింది. మర్నాడు పొద్దున్నే ఆమెను తిరుపతి రైలెక్కించాను.

ఆ రోజు నుంచి చేస్తున్న పని గురించి రెండు మాటలు చెబుతాను. పాసుల్లోని ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసినవి. శ్రీకాకుళమే ‘చికాకోల్’ అయినప్పుడు చిన్న పల్లెల గతి చెప్పాలా? మనవాళ్ళు ‘కండ్రిగ’ అనేది తమిళంలో ‘కండిగై’, ఇంగ్లీషులో రెండూ కలిసిపోతాయి. పల్లె, పల్లి కూడా అంతే. అందుకే ఒక్కో తాలూకాకు ఒక్కో ఊళ్ళ పట్టిక తయారు చేస్తున్నాను. పాసులో ఉన్న రాత, దాని పక్కన 1860ల ఇనాము రిజిస్టర్లలోని పేరు, సెటిల్‌మెంట్ లెక్కల్లోని పేరు, ఇవాళ ఊరివాళ్ళు పిలిచే పేరు. ఈ నగరంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ సేకరించిన ఊళ్ళ వృత్తాంతాలు, కైఫీయతులున్నాయి, వాటిలో పాడుపడ్డ పల్లెల పేర్లు కూడా దొరుకుతున్నాయి. చంద్రగిరి పట్టిక అయింది. పలమనేరు సగంలో ఉంది. కాళహస్తి, కంగుంది, కార్వేటినగరం మొదలుపెట్టాలి. కార్వేటినగరం కష్టమైనది. ఆ జమీందారీలోని తిరుత్తణి వైపు ఊళ్ళు 1911లో చిత్తూరుకు, మళ్ళీ 1960లో మద్రాసు రాష్ట్రానికి వచ్చాయి.

ఈ సభలో ఆ వైపు ఊళ్ళవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. మీ ఇళ్ళల్లో పాత పట్టాలు, ఇనాము కాగితాలు ఉంటే, ఊరికి రెండో పేరు ఉందని మీ అవ్వ చెప్పి ఉంటే, ఉపన్యాసం అయ్యాక నా దగ్గరికి రండి. గుమ్మం పక్కన బల్ల మీద నోటు పుస్తకం పెట్టాను. తాలూకా, ఊరి పేరు, మీ ఇంట్లో పలికే తీరు, ఆ మూడూ రాస్తే చాలు.