పొగను తడిమి చూచే వెలుగు



పెంకుటిల్లు వున్నవారు ఈ సంగతి చిన్ననాటినుంచీ చూస్తూనే వుంటారు. పొద్దెక్కిన తర్వాత, కప్పులో పెంకు జరిగిన చోటనుంచి ఎండ ఒక కడ్డీలాగా యింట్లోకి దిగుతుంది. ఆ కడ్డీలో దుమ్ము రేణువులు ఆడుతుంటాయి. పక్కన నీడలో కూడా అంత దుమ్మూ వున్నది, కాని కనబడదు. వెలుగు వెళ్లి దుమ్ముకు తగిలి, మళ్లీ మన కంటికి వచ్చినప్పుడే అది వున్నదని మనకు తెలుస్తుంది. ఈనాడు నేను చెప్పదలచిన యంత్రానికి మూలసూత్రం యింతే. దాని పేరు లైడారు. లేజరు వెలుగుతో గాలిని తడిమి చూచే యంత్రమన్నమాట.

విమానాలవాళ్ల యంత్రంతో మాకేం పని అంటారేమో. పని వున్నది. మన పొలంలో లేచిన పొగను కూడా అది పట్టి చూపగలదు. ఆ పొగ ఏ వేళ ఎంత ఎత్తు పోతుందో తెలిసినవాడికి మందు ఏ వేళ కొట్టాలో, ఏ వేళ కొట్టరాదో కూడా తెలుస్తుంది.

యంత్రం ఎట్లా పనిచేస్తుందో ముందు చెప్పుకుందాం. లేజరు వెలుగును రెప్పపాటులో వెయ్యో వంతుకన్నా చిన్న తునకలుగా చేసి ఆకాశంలోకి వదులుతారు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కిలోమీటరు ఎత్తున పొగ వుంటే, దానికి తగిలి తిరిగి కిందికి రావటానికి సెకనులో పది లక్షల వంతులు చేస్తే దాదాపు ఏడు వంతుల కాలం పడుతుంది. ఆ కాలాన్ని లెక్కగట్టి ఎత్తు చెబుతారు. వచ్చిన వెలుగు ఎక్కువైతే రేణువులు ఎక్కువ, తక్కువైతే తక్కువ. గుండ్రటి నీటిబొట్టు వెలుగును వచ్చిన తీరుగానే తిప్పి పంపుతుంది. దుమ్ము, బూడిద, మంచు పలుకు గుండ్రంగా వుండవు కాబట్టి వెలుగును కొంత మెలితిప్పి పంపుతాయి. ఆ మెలికనుబట్టి అది మంచుతెరో, దుమ్ముతెరో తెలుసుకుంటారు.

వాయువులను పట్టే ఉపాయం మరొకటి వున్నది. రెండు రంగుల వెలుగు పంపుతారు. ఒక రంగును ఆ వాయువు మింగుతుంది, రెండో దాన్ని పెద్దగా ముట్టదు. రెండూ తిరిగి వచ్చిన తర్వాత ఏది ఎంత తరిగిందో చూస్తే వాయువు ఎంత వున్నదో తేలుతుంది. గాలి వేగం కూడా తెలుస్తుంది. పెద్దపల్లి స్టేషనులో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెసు బండి కూత, మనవైపు వస్తున్నంతసేపూ సన్నగా వుండి, దాటిపోగానే బొంగురుపోతుంది కదా! కదిలే రేణువుకు తగిలిన వెలుగు రంగు కూడా అట్లాగే రవంత మారుతుంది. హాంకాంగు విమానాశ్రయంలో 2002 నుంచి యీ పద్ధతిన, దిగబోయే విమానాన్ని ఒక్కసారిగా కుదిపే గాలుల ఆచూకీ తీస్తున్నారు.

యిది ఎక్కడో పరాయి దేశపు ముచ్చట కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి అనే వూరున్నది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనాశాలలో 1998లో జపానువారి సహకారంతో యిటువంటి యంత్రం నెలకొల్పారు. దాని వెలుగు పచ్చనిది, మన వరి మళ్ల పచ్చదనం. మబ్బులేని రాత్రులలో అది నిటారుగా పైకి పోతుంది. విమానాలు మామూలుగా తిరిగే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు కూడా పైన, కంటికి ఆననంత పలుచని మంచుమబ్బులను అది పట్టింది. దట్టమైన మబ్బు పట్టిందా, యంత్రం కళ్లు మూసుకోవలసిందే. వెలుగు మబ్బులో దూరి బయటపడలేదు.

విమానానికి యీ చూపు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. 1982 జూన్ 24 రాత్రి జావా దీవి మీద ఒక పెద్ద విమానం పోతున్నది. గాలుంగుంగ్ అనే అగ్నిపర్వతం చిమ్మిన బూడిదలోకి పోయింది. విమానంలోని రాడారు వానమబ్బును చూపగలదు గాని పొడిబూడిదను చూపలేదు. ఆ బూడిద ఇంజన్ల వేడికి కరిగి గాజులాగా అంటుకుపోయింది. నాలుగు ఇంజన్లూ ఆగినవి. చాలా కిందికి జారిన తర్వాత మళ్లీ రాజుకున్నాయి కాబట్టి అందరూ బతికి బయటపడ్డారు. 2010లో ఐస్‌లాండు అగ్నిపర్వతం పేలినప్పుడు, ఐరోపాలో చాలాచోట్ల బూడిద ఏ ఎత్తున వున్నదో లైడార్లు చెప్పాయి.

యిక మన పొలానికి వద్దాం. పగలంతా నేల కాగి గాలి పైకి పొంగుతుంది. మధ్యాహ్నానికి పొగా దుమ్మూ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా పోయి కలిసిపోతాయి. పొద్దు గూకిన తర్వాత, ముఖ్యంగా కార్తీక మార్గశిర మాసాల్లో ఆకాశం తేటగా వున్నప్పుడు, నేల ముందుగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, మీద వెచ్చగాలి. కుండమీద మూకుడు పెట్టినట్టే. కింది పొగ మీదికి పోలేదు. లైడారు ఈ మూకుడు ఎంత ఎత్తున వున్నదో గీత గీసినట్టు చూపిస్తుంది. మీకు యంత్రం అక్కరలేదు. సాయంత్రం పొయ్యి పొగ కొంత ఎత్తు లేచి, అక్కడ దుప్పటి పరచినట్టు అడ్డంగా సాగితే మూకుడు పడ్డదన్నమాటే.

ఆ వేళ మందు కొట్టవద్దు. గాలి లేదు కదా, మందు పోదు కదా అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సన్నటి తుంపరలు కింద పడక, చెదరక, ఆ చల్లగాలిలోనే తేలుతూ పక్క చేనుకు పాకుతాయి. మక్కచేనులో కలుపుకని కొట్టిన 2,4-డి యిట్లా పత్తిమీద పడితే ఆకులు వేళ్లలాగా సన్నబడి ముడుచుకుపోతాయి. ఒక గ్రామంలో యీ విషయమై అన్నదమ్ముల మధ్య తగవు తీర్చటానికి నేను రెండు పూటలు కూర్చున్నాను. కొట్టినవాడు నిజంగా గాలి లేదనే కొట్టాడు, ఆయన తప్పేమీ లేదు, చెప్పేవారు లేకపోయారు. పొద్దున పొద్దెక్కి, మంచు ఆరి, ఆకు కొద్దిగా కదిలే గాలి వుండి, ఆ గాలి పత్తివైపు కాకుండా వున్నప్పుడు కొట్టాలి.

వరికొయ్యల సంగతి కూడా యిదే. హార్వెస్టరు కోసి వదిలిన గడ్డికి సాయంత్రం నిప్పు పెడితే, ఆ పొగ రాత్రంతా వూరిమీద, బాటమీద పరుచుకుంటుంది. రాజీవ్ రహదారి మీద లారీ నడిపేవాడికి ఎదుటిబండి కనబడదు. ఈ మాట ఒక సభలో చెబితే ఒక పెద్దాయన లేచి, "అయితే సారూ, మజ్జాన్నం పెడితే మీదికి పోతదిగదా, గప్పుడు తప్పు లేదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మీదికి పోయినది మాయం కాదు, గాలివాటున వందల మైళ్లు పోయి మరొకరి మీద దిగుతుంది. పైగా మధ్యాహ్నపు గాలికి నిప్పు గట్టు దాటితే పక్కవాడి వామి మిగలదు. గడ్డిలోని నత్రజని దాదాపు అంతా ఆ పొగతోనే పోతుంది. కట్టలు కట్టించి పశువులకు దాచండి. లేదా మడికి నీరు పెట్టి, సూపర్ ఫాస్ఫేటు చల్లి, కలియదున్ని మురగనివ్వండి. దానికి కొన్ని రోజులు పడుతుంది, రెండో కారు తొందర వున్నవారికి కష్టమే. నారుమడి పోయటానికి ముందే ఆ రోజులు లెక్కలో పెట్టుకోవాలి.

మన రామగుండం పొగగొట్టాలు అంత ఎత్తున ఎందుకు కట్టారని పిల్లలు అడుగుతుంటారు. ఒక కారణం యీ మూకుడే. పొగను దానికి మీదుగా వదలాలని.

యింకొక్క మాట. పెళ్లిళ్లలో, జాతరలో కుర్రవాళ్లు పచ్చని లేజరు టార్చీలు పట్టుకుని ఆకాశంలోకి వేస్తున్నారు. విమానం నడిపేవాడి కంటికి అది తగిలితే కాసేపు ఏమీ కనబడదు. అట్లాంటివి కనబడితే పెద్దలు చేతిలోనుంచి తీసుకొని లోపల పెట్టండి.