వెయ్యేళ్ళ కౌలు మీద ఒక చెట్ల తోట
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చారు కదా, అక్కడి విశేషాలు నాలుగు మాటలు చెప్పండి అని సంఘం పెద్దలు అడిగారు. ఎత్తైన మేడల సంగతి అందరూ చెప్పేదే. మేము బోస్టన్ నగరంలో చూసిన ఒక చెట్ల తోట గురించి మాత్రమే మనవి చేయదలచుకున్నాం. దాని పేరు ఆర్నాల్డ్ ఆర్బోరేటం. ఆర్బోరేటం అంటే రకరకాల చెట్లను పేరూ ఊరూ రాసిపెట్టి పెంచే తోట అన్నమాట.

ఫారెస్ట్ హిల్స్ స్టేషన్‌లో రైలు దిగి, మా అబ్బాయి వెంట నడిచి వెళ్ళాం. గేటు దగ్గర అలవాటు కొద్దీ టికెట్ల కిటికీ కోసం వెతికాం. “ఇక్కడ టికెట్టు లేదు అబ్బాజాన్, తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఎవరైనా రావచ్చు” అన్నాడు వాడు. మొత్తం 281 ఎకరాలు. అంత పెద్ద నగరం లోపల అంత భూమి ఎవరి కన్నూ పడకుండా ఎలా మిగిలింది? చెట్ల కన్నా ముందు మాకీ ప్రశ్నే పట్టుకుంది.

విషయమేమిటంటే, బెంజమిన్ బస్సీ అనే వ్యాపారి తన పొలం హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చి 1842లో చనిపోయాడు. తిమింగలాల వేట వ్యాపారంలో గడించిన జేమ్స్ ఆర్నాల్డ్ 1868లో పోతూ పోతూ కొంత సొమ్ము ధర్మానికి వదిలాడు. అందులో నుంచి లక్ష డాలర్ల పైచిలుకు ఈ పనికి వచ్చింది. పొలం ఒకరిది, పైకం ఒకరిది. 1872లో రెండూ కలిసి తోట అయింది. మరుసటి ఏడు చార్లెస్ సార్జెంట్ అనే ఆయన్ని దానికి అధికారిగా పెట్టారు. ఆయన 1927లో కన్నుమూసే దాకా ఆ పనిలోనే ఉన్నాడు.

అయితే చేతిలో ఉన్న డబ్బు రోడ్లకూ కాపలాకూ చాలలేదు. అప్పుడు సార్జెంటూ, పార్కుల రూపకల్పనలో పేరుమోసిన ఫ్రెడరిక్ ఓమ్‌స్టెడూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. 1882 ఒప్పందం ప్రకారం భూమి నగరానిదైంది. నగరం దాన్ని తిరిగి విశ్వవిద్యాలయానికి వెయ్యి సంవత్సరాల కౌలుకిచ్చింది. కౌలు ఏడాదికి ఒక్క డాలరు! వెయ్యేళ్ళయ్యాక మరో వెయ్యేళ్ళు పొడిగించుకునే వీలు కూడా ఉంది. రోడ్లు, గోడలు, పోలీసు కాపలా నగరం చూడాలి, చెట్లను విశ్వవిద్యాలయం చూడాలి, జనాన్ని మాత్రం రానివ్వాలి. ఖాళీ జాగా కనిపిస్తే ముందు గోడ, తర్వాత కోర్టు కేసు చూసిన మన కళ్ళకు ఇదంతా కొంచెం వింతగానే తోస్తుంది.

ఇక లోపలి సంగతి. పెద్ద దారి తారు రోడ్డు. మామూలుగా కార్లను రానివ్వరు గనుక పిల్లల్ని వదిలేసి నిశ్చింతగా నడవవచ్చు. పక్కలకు మట్టి బాటలు చీలి చెట్ల నీడలోకి పోతాయి. చెట్టు చెట్టుకూ చిన్న రేకు బిళ్ళ. దాని మీద శాస్త్రీయ నామం, ఏ దేశం నుంచి వచ్చిందీ, దాని నంబరూ. మన వేప, చింత ఆ మంచుకు బతకవు. దిరిసెనకు దగ్గరి చుట్టం మాత్రం ఒకటి ఉంది. ఎర్నెస్ట్ విల్సన్ 1918లో కొరియాలోని సియోల్ నుంచి తెచ్చిన గింజలతో ఆ జాతిలో చలికి ఓర్చే రకం అక్కడ స్థిరపడింది. రాతి గుర్తుల్లోనే మిగిలిందనుకున్న మెటాసెకోయా అనే చెట్టు చైనాలో బతికే ఉందని తెలిశాక, దాని గింజలు 1948 జనవరిలో ఇక్కడికి వచ్చాయి. ఇక్కడి నుంచే అవి ఎన్నో దేశాలకు వెళ్ళాయి.

మా మనసులో నిలిచింది హెమ్‌లాక్ కొండ. సూది ఆకుల హెమ్‌లాక్ చెట్లు బండల మధ్య గుబురుగా నిలబడి, పట్టపగలే చీకటిగా ఉంటుంది. కింద బస్సీ వాగు. కానీ ఆసియా నుంచి వచ్చిన ఒక పురుగు 1997లో ఇక్కడ కనబడింది. ఆకు మొదట్లో దూదిపింజలా అంటుకుని రసం పీల్చేస్తుంది. చాలా చెట్లు పోయాయి, కొన్నిటిని కొట్టేయక తప్పలేదు, కొన్నిటిని మందు పెట్టి నిలబెడుతున్నారు. కౌలు పత్రం మనుషుల్ని ఆపగలదు గాని పురుగును ఆపదు గదా! ఖాళీ అయిన చోట బర్చ్ మొక్కలు వాటంతటవే లేస్తున్నాయి. వాటిని పీకేయకుండా ఏమవుతుందో గమనిస్తున్నారు.

పీటర్స్ కొండ ఎక్కితే నగరం మేడలు కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నెమ్మదిగా ఎక్కాలి.

మన పిల్లలు చాలామంది అటు వైపు ఉంటున్నారు గనుక, వెళ్ళేవారికి ఒక్క మాట. పువ్వు కోయకూడదు, చెట్టెక్కకూడదు. టిఫిన్ డబ్బా కూడా విప్పనివ్వరు. ఏటా మే నెలలో లైలాక్ పూలు చూడటానికి జనం వచ్చే ఒక్క ఆదివారం మాత్రం గడ్డి మీద కూర్చుని తినడం అక్కడి ఆనవాయితీ. బిర్యానీ పట్టుకెళ్ళదలచినవారు ఆ రోజు చూసుకుని వెళ్ళండి.