తొండ పరుగు, బల్లి తోక



మైపాడు తీరాన సరుగుడు తోటల్లో తొండను చూసే ఉంటారు. మనం దూరంగా ఉంటే అది కదలదు. దగ్గరికి పోతే చెట్టు వెనక్కి జారుకుంటుంది. మరి ముందే ఎందుకు పారిపోదు?

పరుగుకు ఖర్చుంది. పోయి దాక్కుంటే మేత పోతుంది. ఎండ కాచుకోవడం పోతుంది. తొండ ఒంటికి ఎండే వేడినిస్తుంది. ఒళ్లు చల్లబడితే కాళ్లు జోరుగా ఆడవు. అందుకే అది కళ్లతో కనిపెట్టి ఉంటుంది. చెట్టు పక్కనే ఉంటే కాసేపు ఆగుతుంది. చెట్టు దూరమైతే ముందే పరుగు తీస్తుంది.

ఇంట్లో బల్లిది వేరే ఉపాయం. పిల్లి పట్టుకుంటే తోక వదిలేస్తుంది. తెగిన తోక గిలగిలా కొట్టుకుంటుంది. పిల్లి దాన్నే చూస్తుంది. బల్లి తప్పించుకుంటుంది.

కానీ ఆ తోకలో కొవ్వు ఉంది. అది బల్లి దాచుకున్న సొమ్ము. 1990లలో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు చేశారు. ఆ డబ్బంతా ఒక్క పూటలో పోతే ఎట్టా ఉంటుంది? బల్లికీ అంతే. కొత్త తోక మొలుస్తుంది. కానీ దాన్ని పెంచడానికి మళ్లీ తిండి కావాలి. మన తొండకైతే ఆ ఉపాయమూ లేదు. దాని తోక తెగితే మళ్లీ మొలవదు.

పిల్లలు సరదాకి తొండ మీద రాయి వేస్తారు. "తగల్లేదులే" అనుకుంటాం. తగలకపోయినా దాని మేత చెడింది. దాని బలం ఖర్చయింది. పురుగులను తిని మనకు మేలు చేసే జీవి అది. ఈ సంగతి ఇవాళే మీ పిల్లలకు చెప్పండి.