ట్రాక్టరు పొగ, వారంటీ: మా గ్రామ సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మాట్లాడినది)

పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు నివేదికలో ముందు పేజీల్లోనే ఉన్నాయి, అవి మళ్ళీ చదవం. మమ్మల్ని ట్రాక్టరు గురించి చెప్పమన్నారు. పోయిన ఏడాది ఇదే సభలో మా ట్రాక్టరు ఫోటో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టిన రెండు నెలలకే అది నీలం పొగ వదిలింది.

మాది కొత్తపేట వైపు ఊరు. కాలవ కింద వరి, గట్ల మీద కొబ్బరి. సార్వాకయినా దాళ్వాకయినా నీళ్ళు రాగానే రైతులందరూ ఒకేసారి దమ్ముకి దిగుతారు. అప్పుడు ట్రాక్టరు దొరకడం అంటే పెళ్ళిళ్ళ సీజనులో వంటవాడు దొరికినట్టే. అందుకే బ్యాంకు అప్పు, సంఘం పొదుపు కలిపి 45 హెచ్.పి. ట్రాక్టరు, రోటావేటరు, దమ్ము చక్రాలు కొన్నాం. మా సభ్యురాలు ఒక వదిన గారి చిన్నబ్బాయి డ్రైవరు. సార్వాలో బండి బాగా తిరిగింది, వాయిదాలు కట్టేశాం.

దాళ్వా దమ్ములో, మీటరు మీద 330 గంటల దగ్గర, పొగ మొదలయింది. ఊళ్ళో తలొక మాట. డీజిల్ కల్తీ అని ఒకరు, కొత్త బండి కదా సర్దుకుంటుంది అని ఒకరు. కుర్రాడు స్పీడు కోసం పంపు సీలు విప్పేశాడని ఇంకొకరు. ఆ చివరి మాట సంఘం మీటింగులోకి కూడా వచ్చింది. మేమూ నమ్మాం, దాచుకోవడం ఎందుకు. వాళ్ళమ్మ ఆ రోజు లేచి వెళ్ళిపోయి మూడు మీటింగులు రాలేదు.

పొగ గురించి మాకు తెలిసింది చెప్తాం. ఇది పొయ్యి వెలిగించే ఆడవాళ్ళకి అర్థం కానిదేం కాదు. డీజిల్ అనేది ఒక మనిషి పేరండి, రుడాల్ఫ్ డీజిల్. ఆయన తరహా ఇంజను ఒకటి 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనె పోసి నడిపారట. పెట్రోలు బండికి ఉన్నట్టు దీనికి నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది, అందులోకి నాజిలు నూనెని తుంపరగా చల్లితే అంటుకుంటుంది. కాబట్టి గాలి సరిపడా రావాలి, నూనె సరిగ్గా పడాలి, నొక్కుడు గట్టిగా ఉండాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా గొట్టంలోంచి కనబడుతుంది.

నల్లపొగ అంటే గాలి చాలలేదు, లేదా నూనె ఎక్కువయింది. పాత కిరసనాయిలు స్టవ్వులో వత్తి పైకి లేపితే మసి వచ్చినట్టు. ముందు ఎయిర్ క్లీనరు చూడండి, అది మూసుకుపోతేనే సగం నల్లపొగలు. నల్లరేగడి బురదలో రోటావేటరు లోతుగా దించి పెద్ద గేరులో లాగినా నల్లపొగ వస్తుంది, అది బండి తప్పు కాదు, మన తప్పు. క్లీనరు బాగుండి, బరువు దించినా నల్లగానే వస్తుంటే అప్పుడు నాజిళ్ళు, పంపు. వాటిని మనం ముట్టుకోకూడదు. సీలు తెగిందంటే వారంటీ పోయినట్టే.

తెల్లపొగ తడి కొబ్బరిమట్ట పొయ్యిలో పెట్టినట్టు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు రావడం మామూలే. వేడెక్కాక కూడా ఆగకపోతే, డీజిల్లో నీళ్ళు దిగాయేమో చూడాలి. గాజుసీసాలో కొంచెం పట్టి కదపకుండా ఉంచితే నీళ్ళు అడుక్కి చేరతాయి. వానలో మూత లేని క్యాను పొలం గట్టు మీద వదిలేస్తే ఇంకేం జరుగుతుంది. ఇవి కాకుండా రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతూ, ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీలా కనబడితే మాత్రం ఇంక ఒక్క చుట్టు కూడా తిప్పకండి, గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయకండి, చేతులు కాలిపోతాయి.

నీలం పొగ మూకుడులో నూనె మాడినట్టు. ఇంజనాయిలు మండుతోందని అర్థం. ఒక చిన్న సంగతి మేం అనుకోకుండా కనిపెట్టాం. ఆకాశం ఎదురుగా చూస్తే నీలం పొగ బూడిద రంగులోనో, కాస్త గోధుమ రంగులోనో కనబడుతుంది. కొబ్బరిచెట్ల నీడ వెనకాల ఉండేట్టు నిలబడి చూడండి, నీలం తేటగా తెలుస్తుంది. డీలరు మనిషి రోడ్డు మీద నిలబడి "ఇది నల్లపొగే, బరువు ఎక్కువ లాగారు" అంటే మేం ఆయన్ని చెట్లవైపు తిరిగి చూడమన్నాం.

అయితే నీలం పొగ కనబడగానే ఇంజను పోయిందని ఏడవక్కర్లేదు. ముందు గేజి కర్ర చూడాలి. బండిని చదునైన నేల మీద పెట్టి, ఆపి, కాసేపాగి చూడాలి. ఆయిలు పై గీత దాటి ఉంటే అదే మండుతుంది. మా కుర్రాడు చేసిన తప్పు ఇదొక్కటే. పొగ వస్తోందంటే ఆయిలు తక్కువైందేమో అనుకుని గీత పైదాకా పోసేశాడు. ఎక్కువైంది తీయించాం. పొగ తగ్గింది గాని ఆగలేదు.

అప్పటినుంచి రాయడం మొదలుపెట్టాం. సంఘంలో మనకి మీటింగు పుస్తకం, అప్పుల పుస్తకం రాయడం పదేళ్ళ అలవాటు. బండికి పుస్తకం రాయాలని మాత్రం తోచలేదు, డీజిల్ లెక్క ఒక్కటే రాసేవాళ్ళం. ఇప్పుడు తేదీ, మీటరు గంటలు, పొగ రంగు, పోసిన ఆయిలు. 330 దగ్గర అర లీటరు. 341 దగ్గర అర లీటరు. 350 దగ్గర లీటరు. 357 దగ్గర మళ్ళీ లీటరు. ఆ నాలుగు గీతలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, కారణం లోపలుంది, పెరుగుతోంది. 360 దగ్గర బండి ఆపేశాం. ఆపడం తేలిక కాదండి, దమ్ముకి అడ్వాన్సు ఇచ్చిన రైతులు పదకొండు మంది ఉన్నారు. కొందరికి డబ్బులు తిరిగిచ్చాం.

డీలరు దగ్గరికి నలుగురం వెళ్ళాం. "ఇంట్లో మగవాళ్ళెవరన్నా ఉంటే పంపండమ్మా, ఇవి మీకు అర్థం కావు" అన్నారు. ఆయ్, అలాగేనండి, బిల్లు మా సంఘం పేరు మీదుంది, మీరే మాకు అర్థమయ్యేట్టు చెప్పండి అన్నాం. జాబ్ కార్డు రాసి సంతకం పెట్టమన్నారు. ఇంగ్లీషులో ఉంది. మేం పదో తరగతి వాళ్ళం, కూడబలుక్కుని చదివితే "జనరల్ చెకప్" అని ఉంది. పొగ మాట లేదు, ఆయిలు మాట లేదు. అలా సంతకం పెట్టి ఉంటే రేపు వారంటీ అడిగినప్పుడు మీరు ఫిర్యాదే చేయలేదంటారు. నీలం పొగ, ఆయిలు తగ్గుతోంది, 360 గంటలు అని తిరగరాయించి, ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టాం.

తర్వాత వాళ్ళు రెండు మాటలన్నారు. ఒకటి, 250 గంటల సర్వీసు 286కి చేయించారు, ఆలస్యం, కాబట్టి వారంటీ రాదు. ఇది నిజమే. మేం కాదనలేదు. కానీ 248 గంటల రోజున ఫోన్ చేస్తే మెకానిక్కులు ఖాళీ లేరు, దమ్ము తాకిడి తగ్గాక రమ్మని చెప్పింది వాళ్ళే. డీజిల్ లెక్క రాసే అక్క ఆ రోజు పేజీలో "ఫోన్ చేశాం, రాలేదు" అని ఒక ముక్క రాసి పెట్టింది, ఫోనులో ఆ కాల్ తేదీ కూడా దొరికింది. ఆ అక్కకి దండేసినా తప్పు లేదు.

రెండో మాట, మీరు ఎయిర్ క్లీనరు శుభ్రం చేయలేదు, దుమ్ము లోపలికి వెళ్ళి రింగులు అరిగాయి అన్నారు. దీనికి జవాబు మాటల్లో ఇవ్వలేం. మాలో ఒకావిడ, క్లీనరు నుంచి ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టం విప్పమని అడిగి, తెల్ల చేతిరుమాలు లోపల తిప్పి తీసింది. దుమ్ము దిగి ఉంటే రుమాలుకి మన్ను అంటాలి. అంటలేదు. అక్కడున్న పాత మెకానిక్ ఒకాయన నవ్వాడు, మేం ఆ నవ్వు చూశాం.

అయినా పని కాలేదు. అప్పుడు కంపెనీకి ఉత్తరం రాశాం. కొన్న తేదీ, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, గంటలు, ఆయిలు పోసిన లెక్క, సర్వీసు 36 గంటలు ఎందుకు ఆలస్యమయిందో ఉన్నదున్నట్టు, చివర్లో మేం అడిగేది. ఒక కాపీ డీలరుకిచ్చి రెండో దాని మీద ముద్ర వేయించుకున్నాం. ఫోనులో వీడియో కూడా పంపాం, ముందు అవర్ మీటరు చూపించి, ఆపకుండా అలాగే పొగ గొట్టం చూపించాం. అలా తీస్తే వేరే బండి అనడానికి ఉండదు.

వినియోగదారుల హెల్ప్ లైను 1915కి ఫోన్ చేస్తామని కూడా ఉత్తరంలో రాశాం. దాని గురించి తెలుసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్లో రెండేళ్ళలోపు కేసు వేసుకోవచ్చు. 5 లక్షల నుంచి 10 లక్షల లోపు పెట్టి కొన్నదానికి ఫీజు 200 రూపాయలు. ఒక మెలిక ఉంది. వ్యాపారానికి కొన్నదానికి ఆ చట్టం వర్తించదు, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నదయితే వర్తిస్తుంది. సంఘం బండి అద్దెకి తిప్పుతారు కదా అని అవతలివాళ్ళు ఆ మెలిక లాగుతారు. అందుకని సభ్యుల జీవనోపాధికి కొన్నామని మొదటి ఉత్తరంలోనే రాయడం మంచిది. మా విషయం కేసు దాకా వెళ్ళలేదు.

కంపెనీ ఇంజనీరు వచ్చి హెడ్ విప్పించాడు. మేం అక్కడే కుర్చీలేసుకుని కూర్చున్నాం. మూడు సిలిండర్లలో రెండింటికి ఏమీ లేదు, ఒక్కదాంట్లో ఆయిలు రింగు విరిగి లైనరుకి గీత పడింది. దుమ్ము వెళ్ళి ఉంటే మూడూ అరగాలి కదండి అని అడిగాం. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, కాగితం మీద మాత్రం వారంటీ కింద అని రాశాడు. పంపు సీలు కూడా చూపించాడు. చెక్కు చెదరలేదు.

విడిభాగాలు, మజూరీ వాళ్ళు పెట్టుకున్నారు. ఆయిలు, ఫిల్టర్లు, బండి తోలుకెళ్ళిన ఖర్చు మావి. పదిహేడు రోజుల దమ్ము అద్దె పోయింది, దానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. ఆ నెల వాయిదా సంఘం పొదుపులోంచి కట్టాం.

ఆ సాయంత్రం మేం ఏడుగురం ఆ వదిన గారింటికి వెళ్ళాం. సీలు ఫోటో చూపించాం. ఆవిడ ఫోటో చూడలేదు. "మా వాడి మీద అన్నది మీటింగులో అన్నారు, కాదన్నది కూడా మీటింగులోనే అనండి" అంది. తర్వాతి మీటింగులో అన్నాం, మినిట్స్ పుస్తకంలో రాశాం, అందరం సంతకాలు పెట్టాం. కుర్రాడే ఇప్పటికీ బండి తోలుతున్నాడు.

సమాఖ్యని మేం అడిగేది ఒకటుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. బండ్లున్న ప్రతి గ్రామ సంఘం నుంచి ఒకరిని, వీలైతే ఒక ఆడపిల్లని, అక్కడికి పంపే ఏర్పాటు చేయాలి. ఖర్చులో సగం మా సంఘం పెట్టుకుంటుంది, తీర్మానం కాపీ ఇచ్చేశాం.

మా మీటరు ఇప్పుడు 910 దగ్గరుంది. వారంటీ గంటలో, సంవత్సరాలో, ఏది ముందయితే దాంతో ముగుస్తుంది, కాబట్టి ముగిసేలోపు ఒకసారి పూర్తిగా చూడమని ఉత్తరం పెట్టాం, జవాబు ఇంకా రాలేదు. బండి పుస్తకం మాతో తెచ్చాం, భోజనాల దగ్గర బల్ల మీద పెడతాం, చూడాలనుకున్నవాళ్ళు చూడండి. పేజీలకి ఆయిలు మరకలున్నాయి, మంచి చీరలు కట్టుకొచ్చారు, అంటకుండా చూసుకోండి.