కాలి వాపు, ఒక రక్తపరీక్ష, ఒక అంకె
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పదిహేను నిమిషాల్లో ముగించమని కార్యదర్శిగారి ఆజ్ఞ. డాక్టర్లకు అది కష్టమే, ప్రయత్నిస్తాను.

క్రిందటేడు మా ఖాలా ఒక కాగితం పట్టుకొని మా యింటికి వచ్చింది. ఆమెకు 82 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పికి ఎక్కడో చూపించుకుంటే, వరసగా అన్ని రక్తపరీక్షలూ రాశారట. అందులో డీ-డైమర్ 760 అని ఉంది. పక్కనే, 500 లోపు ఉండాలని అచ్చువేశారు. "రక్తంలో గడ్డలున్నాయట బేటా" అంటూ రెండు రాత్రులు నిద్ర లేకుండా గడిపింది. ఈ వేళ ఆ అంకె సంగతే చెబుతాను.

దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టడానికి ఫైబ్రిన్ అనే పీచు వలలాగా అల్లుకుంటుంది. పని అయిపోయాక ప్లాస్మిన్ అనే పదార్థం ఆ వలను తెంపి ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క పేరే డీ-డైమర్. కాలి లోపలి సిరలో, అంటే మనం వాడుకలో నరం అనేదానిలో, అక్కర్లేని గడ్డ కట్టినప్పుడు ఇది పెరుగుతుంది. చిక్కేమిటంటే న్యుమోనియాలో, ఆపరేషను తర్వాత, కాన్సరులో, గర్భంలో, ఆఖరికి వట్టి ముసలితనంలో కూడా పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో, 2020, 2021లలో, ఈ పేరు చాలా ఇళ్ళలో వినబడింది గదా!

అందుచేత ఇది "ఉంది" అని చెప్పే సాక్షి కాదు, "లేదు" అని చెప్పే సాక్షి. అనుమానం తక్కువగా ఉన్న మనిషికి అంకె తక్కువ వస్తే గడ్డ లేదని ధైర్యంగా చెప్పవచ్చు. ఎక్కువ వస్తే డాప్లర్ స్కానింగు తీసి చూడాలి, అంతే. అనుమానం ఎంత అనేది లెక్కగట్టడానికి కెనడా డాక్టరు వెల్స్ 1997లో మార్కుల పద్ధతి ఒకటి ప్రకటించారు. అందులో టేపు పెట్టి పిక్కలు కొలవడం కూడా ఉంది. ఒక పిక్క రెండోదానికంటే 3 సెంటీమీటర్లకు మించి లావుగా ఉంటే ఒక మార్కు. టేపు ఖరీదెంతో మీకు తెలుసు. అయినా కొలిచేవారు తక్కువ!

ఇక వయసు సంగతి. 50 దాటినవారికి వయసును పదితో హెచ్చవేసి, ఆ అంకెను హద్దుగా తీసుకుంటారు. 2014లో యూరప్‌లోని నాలుగు దేశాలలో, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమోనని అనుమానించిన 3,346 మందిలో ఈ లెక్కను పరీక్షించారు. 75 దాటి, అనుమానం ఎక్కువగా లేనివారిలో పాత హద్దుతో నూటికి ఆరుగురికే స్కానింగు తప్పేది. కొత్త హద్దుతో సుమారు ముప్ఫైమందికి తప్పింది. కాలి గడ్డలకూ ఈ లెక్క వాడుతున్నారు. మా ఖాలాకు హద్దు 820. పిక్కలు రెండూ సమానం, నొప్పి కీళ్ళలోనే. "అన్నం తిని పడుకో" అన్నాను. పడుకుంది.

ఒక జాగ్రత్త. ఈ లెక్క 500 హద్దుగా ఇచ్చే ఎఫ్.ఇ.యు. కొలతకే. డి.డి.యు. అని ఉంటే అంకె దాదాపు సగం వస్తుంది. రెండు లాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి బెంబేలు పడకండి.

అన్ని కథలూ ఇలా ముగియవు. నాకు తెలిసిన ఒక పిల్లకు సిజేరియన్ అయిన పన్నెండో రోజున ఎడమ కాలు తొడదాకా వాచింది. బాలింత వాపని ఇంట్లో నూనె రాసి మాలిష్ చేశారు. తర్వాత చూసినచోట డీ-డైమర్ రాసి, రిపోర్టు కోసం రెండు రోజులు కూర్చోబెట్టారు. కాన్పైన కొత్తలో ఆ అంకె ఎలాగూ ఎక్కువే ఉంటుంది. ఒక్క కాలే అంతగా వాచినప్పుడు రక్తపరీక్ష దేనికి? నేరుగా స్కానింగుకే పంపాలి. పిల్ల బ్రతికింది. కాలు మాత్రం ఇప్పటికీ సాయంత్రానికి బరువెక్కుతుంది. ఆ రెండు రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

దీనికి తల్లకిందులుగానూ జరుగుతుంది. వాపు వచ్చి వారాలు గడిచినా, రక్తం పలచబడే మందు అప్పటికే మొదలుపెట్టినా, గడ్డ ఉండగానే అంకె తక్కువ రావచ్చు. కనుక వాపు ఏ రోజున మొదలైందో, ఏ మాత్రలు మింగుతున్నారో డాక్టరుకు ముందే చెప్పండి. ఒక కాలు వాస్తే పిసకవద్దు. దానితోపాటు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే లాబు దగ్గర ఆగకుండా పెద్దాసుపత్రికి పొండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. రిపోర్టులు వెంట తెచ్చినవారు భోజనాల తర్వాత నా దగ్గరకు రండి. టేపు కూడా తెచ్చాను.