ఎండతో మంచినీరు

గ్రామపెద్దలారా! 1937లో ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలయందు, ఫ్లోరైడు కలిసిన బావినీటివలన ఎముకలు బిగిసిపోవు వ్యాధి కలుగుచున్నదని వైద్యులు వెల్లడించిరి. అట్టి నీరు తేటగనే యుండును. కాచినను దోషము పోదు, నీరింకినకొలది హెచ్చును.

ఆవిరియందు మాత్రము లవణములు చేరవు. దీనిని బడిపిల్లలే చేసి చూపగలరు. నల్లని వెడల్పు పళ్ళెమున అంగుళము లోతు నీరు పోసి, పైన గాజుపలకను ఏటవాలుగ నమర్చి, సందులు మూసి, ఎండలో నుంచవలెను. ఆవిరి గాజునంటి, బిందువులై జారి, క్రింది యంచున నున్న చిన్న దోనెలో చేరును.

చదరపు మీటరు పళ్ళెమునకు దినమునకు సుమారు 3, 4 లీటర్లు వచ్చును. ఊరికి చాలకున్నను, ఒక బిడ్డ దాహమునకు చాలును.

బడికి గాజుపలక నొకదాని నొసగుడు. మీ బావినీటిని, పిల్లలు తీసిన నీటిని వేరువేరు గిన్నెలలో ఎండనిచ్చి చూడుడు. తెల్లని మరక దేనియందు మిగులునో మీకే తెలియును.