పెరటి కూరమడి



నర్సాపురమునకును తూప్రానునకును చేరువనున్న శివ్వంపేట ప్రాంతపు పల్లెలలో పెరడు గల యిండ్లు నేటికిని ఉన్నవి. అయినను పెరడు గల ఇల్లాలే అంగడిలో తోటకూర కట్టకు బేరమాడుచుండుట మనము చూచుచునే యుందుము. చోటు లేక కాదు; ఆసక్తి లేకయు కాదు. తొలకరిలో విత్తనములన్నియు ఒక్కనాడే చల్లుదురు. ఒక నెల ఇంటిల్లిపాదికి తినలేనంత కూర వచ్చును. మరునెల మడి బోసిపోవును. అంతటితో విసుగు పుట్టి పెరడు కలుపు పాలగును. కనుక పెరటి సేద్యమునకు ముందుగా కావలసినది పెట్టుబడి కాదు, చేతికి వచ్చిన విద్య.

ఈ విద్య యొక్క అవసరమెంతటిదో చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, ఒక్కొక్కరికి దినమునకు ఆకుకూరలతో గూడ సుమారు 400 గ్రాముల కూరగాయలు చూపబడినవి. ఐదుగురు పెద్దలున్న ఇంటికి అది 2 కిలోలగును. చిన్న పెరడు ఇదంతయు ఇయ్యజాలదు. కాని కోసిన కొలది గంటలలో వాడిపోవు ఆకుకూరల భారమును చాలవరకు మోయగలదు. పైగా దానిపై ఏ మందు ఎన్నడు చల్లబడినదో అను శంక ఇల్లాలికి ఉండదు.

మొదటి పాఠము నేలది. మన చెల్క నేలలు నీటిని ఎక్కువకాలము నిలుపుకొనలేవు. వానికి బలమిచ్చునది ఎరువు. 1905లో మన దేశమునకు వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్ అను శాస్త్రజ్ఞుడు, ఇక్కడి రైతుల పద్ధతులను శ్రద్ధతో పరిశీలించి, ఇందోరులో చెత్తనుండి ఎరువు చేయు విధానమును రూపొందించి, 1931లో గ్రంథముగా ప్రకటించెను. దాని సారము ఇంటిలోను ఆచరింపవచ్చును. ఎండుటాకులు మూడు గంపలు, పచ్చి చెత్త ఒక గంప, దానిపై కొంచెము పేడనీరు, పిడికెడు పాతమట్టి. ఇట్లు పొరలుపొరలుగా పేర్చవలెను. చేతిలోనికి తీసి పిండినచో చుక్క రాలీ రాలనంత తడి యుండవలెను. రెండు వారములకొకసారి తిరుగవేసినచో మూడు నెలలకు నల్లని ఎరువు సిద్ధమగును. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని గ్రహించి ఎండుటాకు కలుపవలెను. వేడి పుట్టనిచో తడిగాని పచ్చి చెత్తగాని చాలలేదని తెలిసికొనవలెను.

రెండవది వరుస. ఇదియే ఈ విద్యకు ప్రాణము. ఆరు గంటలైనను ఎండ తగులు చోట, ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు గల మడి కట్టుడు. అంతకంటె వెడల్పు వలదు. ఇరువైపుల నుండి చేయి అందవలెను, కాలు లోపల పడరాదు. ఆ మడిని నాలుగు భాగములు చేసి, వారమున కొక భాగములో మాత్రమే తోటకూర చల్లుడు. నాలుగవ భాగము చల్లిన వారము తరువాత మొదటి భాగము కోతకు వచ్చును. అది పెరికిన వెంటనే గంపెడు ఎరువు కలిపి, ఈసారి పాలకూరయో మెంతియో వేయుడు. మడి ఎన్నడును ఖాళీగా నుండదు, వంటిల్లును ఖాళీగా నుండదు.

కాలమును పాటించుట గూడ ఇందులోని భాగమే. మృగశిర కార్తెలో వానలు పడగానే బెండ, గోకర, బీర, ఆనిగెపు పాదులు పెట్టవచ్చును. దసరా దాటిన పిదప టమాట నారు, మెంతి, కొత్తిమీర, ముల్లంగి బాగుగా వచ్చును. వేసవిలో తోటకూర, గంగవాయిలి, పుంటికూర నిలుచును. గోకర, అలసంద వంటి కాయజాతుల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని గ్రహించును గనుక, వానిని తీసిన చోట ఆకుకూర వేయుట తెలివి.

మూడవది నీరు. వానకాలమున మడి నేలకంటె ఎత్తుగాను, వేసవిలో కొంచెము పల్లముగాను ఉండవలెను. మనము చెప్పిన మడికి వేసవిలో రోజునకు ఒకటి రెండు బిందెలు పట్టును. బియ్యము, కూరగాయలు కడిగిన నీటిని పారబోయక దాచినచో అందులో కొంత భాగము తీరును. సబ్బునీరు మాత్రము ఆకుకూరలకు పోయరాదు. మొక్కల మొదళ్లలో ఎండుటాకో వరిగడ్డియో పరచినచో తడి త్వరగా ఆరదు.

ఇక పురుగు. దీనికి మందు కంటె చూపు ముఖ్యము. ఉదయము ఆకుల అడుగుభాగమును తిరుగవేసి చూడవలెను. వంగకొమ్మ కొన వాలినచో లోపల తొలుచు పురుగు ఉండును. ఆ కొనను త్రుంచి నాశనము చేయవలెను. బెండ ఆకు ఈనెలు పసుపువారినచో ఆ మొక్కను వెంటనే పెరికివేయవలెను. తెల్లదోమ ఆ తెగులును తక్కినవానికి మోయును. పేనుబంకకు 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను.

కడపటిది విత్తనము. సంకరజాతి పండ్ల గింజలు తల్లి గుణమును నిలుపవు. నాటురకములను ఎంచుకొని, మంచి మొక్కను ముందే గుర్తించి, దాని కాయను కోయక ముదురనిచ్చి, గింజలను నీడలో ఆరబెట్టి, బూడిదతో కలిపి దాచుట మన పెద్దల పద్ధతి. ఇది అంతరించిన విద్య కాదు. ఒకప్పటి ఉమ్మడి మెదకు జిల్లాలోని, నేటి సంగారెడ్డి జిల్లాకు చెందిన జహీరాబాదు ప్రాంతమున, 1983లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు పల్లెపల్లెలో విత్తన నిలువలు నెలకొల్పిరి. పెక్కురు నిరుపేదలు, చదువు లేనివారు. అయినను ఏ గింజను ఏ బుట్టలో, ఏ ఆకుతో దాచవలెనో వారికి కంఠస్థము. 2008లో మాచునూరులో వారు ప్రారంభించిన సంఘం రేడియో ఆ జ్ఞానమును వారి పలుకులలోనే వినిపించినది. విత్తనము చేతిలో నున్నవారు ఎవరి వాకిటను నిలువనక్కరలేదని వారి జీవితమే చెప్పినది.

కావున పెరడంతయు ఒకేసారి త్రవ్వ బూనకుడు. ఈ వారము ఒక్క మడి కట్టుడు. అందులో నాలుగవ వంతు మాత్రమే విత్తుడు. మిగిలిన మూడు వంతులు ఖాళీగా నున్నవని చింతింపకుడు. మీ పిల్లలచేత ఆ తేదీలను ఒక చీటీలో వ్రాయించుడు. నాలుగు వారములు గడచునప్పటికి మొదటి కోతతో పాటు ఈ విద్యలోని తొలి పాఠమును మీ ఇంట నిలిచిపోవును.